శ్రమ పాపాన్ని కడుగుతుందా? రస్కోల్నికోవ్ సైబీరియా వెళ్లాక కూడా ఎందుకు మారలేదు?

#1 కాగితంపడవ

దోస్తోయెవ్‌స్కీ ‘నేరము - శిక్ష’ (1866) గురించి ఎవరిని కదిలించినా ఒకటే మాట చెబుతారు: హంతకుడు నానా బాధలు పడి, శిక్ష అనుభవించి, పునీతుడయ్యాడని. చివర ఉన్న ఉపసంహారం చదివితే నాకు అలా అనిపించడం లేదు.

రస్కోల్నికోవ్‌కి వడ్డీ ముసలమ్మని చంపినందుకు ఎనిమిదేళ్ల కఠిన శిక్ష పడుతుంది. సైబీరియాలో గుండు, సంకెళ్లు, బొద్దింకలు తేలే సూపు, అన్నీ భరిస్తాడు. పశ్చాత్తాపం మాత్రం రాదు. తన తప్పల్లా పని చివరిదాకా నిలబెట్టుకోలేకపోవడం, పైగా తనే వెళ్లి ఒప్పుకోవడం అనుకుంటాడు. సిగ్గుపడేది కూడా గుండుకో సంకెళ్లకో కాదు, దెబ్బ తిన్న అహంకారానికి.

మరి శ్రమ, అంటే పడిన బాధ, ఏం చేసినట్టు? శ్రమకి పాపాన్ని తీసే శక్తి ఉందని దోస్తోయెవ్‌స్కీ గట్టిగా నమ్మితే, తన కథానాయకుణ్ణి అంతకాలం జైల్లో రాయిలా ఎందుకు కూర్చోబెట్టాడు? బైబిలు, పాత నవలలు బాగా చదివినవాళ్లు చెప్పండి.

#2 చెదపురుగు

‘శ్రమ మంచిదే, అనుభవించు’ అనే మాట పుస్తకంలో ఉంది. ఆరో భాగంలో పోర్ఫీరీ అంటాడు. జనానికి ఆ వాక్యం గుర్తుంటుంది, అన్నది ఎవరో గుర్తుండదు. పోర్ఫీరీ దర్యాప్తు అధికారి అండీ. నేరస్థుడు తనంతట తానే వచ్చి లొంగిపోతే ఆయనకంటే సంతోషించేవాడు ఎవరుంటారు?

అదే సంభాషణలో మికోల్కా ప్రస్తావన కూడా వస్తుంది. రంగులు వేసే ఆ కుర్రాడు తను చెయ్యని హత్యని నెత్తిన వేసుకున్నాడు. కారణం, ‘శ్రమను స్వీకరించాలి’ అన్న పిచ్చి తపన. ఆ తపన దర్యాప్తుని గందరగోళం చెయ్యడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. శ్రమ మీద మోజు ఎలా ఉంటుందో రచయితకి బాగా తెలుసు, అందుకే దాన్ని ఒక అమాయకుడి చేతిలో పెట్టి చూపించాడు అనుకుంటాను.

#3 మార్తమ్మ

అందరికీ వందనాలు. బైబిలు వైపు నుంచి నాలుగు మాటలు.

మనిషి పడే శ్రమ అతని పాపానికి వెల కడుతుందని సువార్తల్లో ఎక్కడా లేదు. వెల చెల్లించేది క్రీస్తు అని కదా మొత్తం సువార్త. పైగా శ్రమని పాపానికి లెక్కగా చూసే అలవాటుని యేసు రెండు చోట్ల కొట్టిపారేశాడు. యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు, వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్లా అని అడుగుతారు. ఎవరూ కాదంటాడు. లూకా 13లో సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి ఎత్తి, వాళ్లు యెరూషలేములో అందరికంటే పెద్ద పాపులనుకుంటున్నారా, కాదు అంటాడు. వెంటనే, మారుమనస్సు పొందకపోతే మీరూ నశిస్తారని కూడా అంటాడు. అంటే పోయినవాళ్ల గురించి తీర్పు చెప్పే అవకాశం తీసేసి, ప్రశ్నని వింటున్నవాళ్ల మీదకి తిప్పాడు.

శ్రమ ఓర్పునీ, ఓర్పు నిరీక్షణనీ పుట్టిస్తుందని రోమా 5లో పౌలు అన్నది నిజమే. కానీ అది ఇప్పటికే కృపలో నిలబడినవాళ్లతో అన్న మాట. ముందు వచనం చదవకుండా ఆ ఒక్కటే తీసుకుంటేనే చిక్కు. రస్కోల్నికోవ్ శ్రమలో ఉన్నాడు, కృపలో లేడు. అందుకే అది అతన్ని ఇంకా గట్టిపరిచింది.

#4 నాలుగోమలుపు

మార్తమ్మ గారూ, వాదన చక్కగా ఉంది. పెద్ద ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. పాపానికి లెక్కా కాదు, దానికి వెలా కాదు. మరి శ్రమ ఎందుకున్నట్టు?

ఇవాన్ కరమజోవ్ అడిగింది ఇదే. దోస్తోయెవ్‌స్కీ ‘కరమజోవ్ సోదరులు’లో అతను పెద్దవాళ్ల బాధల జోలికి పోడు. పెద్దవాళ్లు ఆ పండు తిన్నారు, వాళ్ల సంగతి వేరు, పిల్లలు ఏమీ తినలేదు కదా అంటాడు. చలి రాత్రి మరుగుదొడ్డిలో బంధించిన చిన్నపిల్ల, జనరల్ కుక్కలు చీల్చేసిన కుర్రాడు. రేపు ఎంత గొప్ప సామరస్యం వచ్చినా ఆ పిల్ల కన్నీటి ధరతో నాకు వద్దు, నా టికెట్ తిరిగి ఇచ్చేస్తున్నాను అంటాడు. గమనించండి, దేవుడు లేడని అనడు. లెక్క ఒప్పుకోనంటాడు.

తొలినాళ్ల క్రైస్తవ పండితుడు ఆగస్టీన్ దగ్గరికి వెళ్తే ఇంకా ఘోరం. పసిబిడ్డ కూడా ఆదాము అపరాధంలో భాగస్తుడేనట. అదే నిజమైతే ఇవాన్‌కి జవాబు దొరికినట్టే, కానీ అలాంటి జవాబు ఎవరికి కావాలి?

#5 చెదపురుగు

అందరు క్రైస్తవులూ ఆ మాట అనరు. పాశ్చాత్య సంప్రదాయంలో, పుట్టుకతో వచ్చే ఆ అపరాధాన్ని ఒప్పుకోని పెలాగియస్‌తో తగువు ముదిరి, 418లో కార్తేజ్ సభ అతని బోధని ఖండించాక, ఆగస్టీన్ వాదం బలపడింది. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు సాధారణంగా, ఆదాము నుంచి మనకి వచ్చింది మరణమూ బలహీనతా గానీ అతని అపరాధం కాదంటాయి. దోస్తోయెవ్‌స్కీ పెరిగింది ఆ గాలిలో. కాబట్టి ఇవాన్‌ని ఆగస్టీన్‌తో ఓడించే ఉద్దేశం ఆయనకి ఉండే అవకాశం తక్కువ.

అయితే ఆగస్టీన్‌ని అంత తేలిగ్గా పక్కన పెట్టకండి. ‘ఒప్పుకోళ్లు’ రెండో పుస్తకంలో పియర్ పళ్ల దొంగతనం ఉంది. పదహారేళ్ల వయసులో స్నేహితులతో కలిసి ఒక చెట్టు దులిపేస్తాడు. ఆకలి లేదు, ఇంట్లో అంతకంటే మంచి పళ్లున్నాయి. ఎక్కువ భాగం పందులకి పారేస్తారు. దొంగిలించడంలో ఉన్న సరదా కోసమే దొంగిలించాను, ఒంటరిగా ఉంటే చేసేవాణ్ణి కాదు అంటాడు. ఇది చదివాక రస్కోల్నికోవ్ వైపు చూడండి. హత్య చేసి తెచ్చిన పర్సుని లెక్క కూడా పెట్టకుండా ఒక రాయి కింద దాచేస్తాడు. తల్లి కోసం, చెల్లెలి కోసం, మానవజాతి కోసం అని ఎన్ని సిద్ధాంతాలు చెప్పినా, చివరికి, ఇంటి ఆకలి తీర్చడానికి ఒళ్లు అమ్ముకునే సోన్యా దగ్గర అసలు విషయం బయటపెడతాడు: నా కోసమే చంపాను. పాపం గురించి ఇద్దరికీ తెలిసింది ఒకటే. లాభం చూసి చేసే పాపం తక్కువ, తన గొప్ప తనకి రుజువు చేసుకోవడానికి చేసేది ఎక్కువ.

#6 ఉల్లికాడ

కాగితంపడవ గారి మొదటి ప్రశ్నకి హ్యూగో దగ్గర సూటి జవాబుంది. ‘లే మిజరాబ్ల్’ (1862)లో జాన్ వాల్జాన్ రొట్టె దొంగతనానికి ఐదేళ్లు, పారిపోవడానికి ప్రయత్నించినందుకు పద్నాలుగేళ్లు, మొత్తం 19 ఏళ్లు జైల్లో ఉంటాడు. ఆ శ్రమ అతన్ని ఏం చేసింది? మొద్దుబారిన, పగపట్టిన మనిషిని చేసింది. అన్నేళ్లలో ఒక్క కన్నీటి చుక్క రాలేదు.

బిషప్ మిరియెల్ అతనికి భోజనం పెట్టి, పడక ఇచ్చి, అతను వెండి సామాను ఎత్తుకుపోయినప్పుడు పోలీసుల ముందు ‘నేనే ఇచ్చాను, ఈ కొవ్వొత్తి స్తంభాలు మర్చిపోయావే’ అన్నాక కూడా వెంటనే మారడు. నాకు నచ్చేది అదే. ఆ రోజే ఒక చిన్న కుర్రాడి నలభై సూల నాణెం మీద కాలు పెట్టి కదలడు. కుర్రాడు ఏడుస్తూ పోయాక అప్పుడు కళ్లు తెరుస్తాడు. పందొమ్మిదేళ్ల తర్వాత మొదటిసారి ఏడుస్తాడు.

అంటే శిక్ష చెయ్యలేని పని క్షమ చేసింది. అది కూడా, క్షమ అందుకున్న మనిషి మళ్లీ తప్పు చేసి, తను ఎక్కడ ఉన్నాడో తనే చూసుకున్నాక.

#7 నాలుగోమలుపు

అది జైళ్ల మీద, చట్టం మీద విమర్శ కదా. హ్యూగో చర్చికి విధేయుడైన క్రైస్తవుడేం కాదు. క్షమ పనిచేస్తుందని ఒప్పుకోవడానికి సిలువ దాకా వెళ్లక్కర్లేదు.

#8 ఉల్లికాడ

చర్చికి వెళ్లకపోయినా, ఆ బిషప్ లేకపోతే ఆ నవలే లేదు. సరే, అది పక్కన పెడదాం. వాల్జాన్ వెంటపడే పోలీసు అధికారి జావేర్ సంగతి చెప్పండి. అతనికీ క్షమే దొరికింది. బారికేడ్ దగ్గర వాల్జాన్ చేతికి చిక్కితే, చంపకుండా వదిలేస్తాడు. అదే క్షమ వాల్జాన్‌ని నిలబెట్టింది, జావేర్‌ని సెన్ నదిలోకి తోసింది. చట్టం ఒక్కటే సత్యమని బతికినవాడికి, తనకి రావాల్సింది కాని దయ వస్తే నిలబడ్డ నేల కదిలిపోతుంది. క్షమ ఊరికే వచ్చినా, దాన్ని పుచ్చుకోవడం సుఖమైన పని కాదు. జర్మన్ పాస్టర్ బోన్‌హోఫర్ 1937లో ‘చవక కృప’ అని తిట్టింది ఈ బరువు లేని క్షమనే. మారక్కర్లేదు, దేన్నీ వదులుకోనక్కర్లేదు, క్షమ మాత్రం కావాలి అనే బేరాన్ని. వాల్జాన్ అలా బేరమాడడు. తన పేరు మీద ఇంకెవడో శిక్ష పడి పోబోతుంటే, అరాస్ కోర్టుకి వెళ్లి ‘నేనే వాల్జాన్’ అని నిలబడతాడు. మేయర్ పదవి, ఫ్యాక్టరీ, పరువు అన్నీ అక్కడితో పోతాయి.

#9 జాజిమల్లి

ఇంతవరకూ చర్చ అంతా పాపం చేసినవాడి గురించే నడిచింది. అతను మారాడా, అతనికి కృప దొరికిందా, అతను ఏడ్చాడా. చేయించుకున్నవాళ్ల మాటేమిటి?

టాల్‌స్టాయ్ ‘పునరుత్థానం’ (1899) తీసుకోండి. నెఖ్లుదోవ్ ఒకప్పుడు కత్యూషా మాస్లోవాని పాడుచేసి వదిలేశాడు. ఏళ్ల తర్వాత హత్య కేసులో ఆమె బోనులో, ఇతను జ్యూరీలో. చంపే ఉద్దేశం లేదు అన్న ముక్క తీర్పులో రాయడం జ్యూరీ మర్చిపోతుంది, ఆమెకి నాలుగేళ్ల కఠిన శిక్ష. ఈయనకి పశ్చాత్తాపం పొంగి, పెళ్లి చేసుకుంటానని జైలుకి వెళ్తాడు. ఆమె మొహం మీదే అంటుంది: ఈ లోకంలో నన్ను వాడుకుని సుఖపడ్డావు, పరలోకంలో రక్షణకి కూడా నన్నే వాడుకోవాలనుకుంటున్నావు అని. పశ్చాత్తాపం మీద ఇంతకంటే కటువైన మాట నేను ఎక్కడా చదవలేదు. చివరికి ఆమె అతన్ని కాదని తోటి ఖైదీ సైమన్సన్‌తో వెళ్లిపోతుంది. టాల్‌స్టాయ్ నీతులు ఎక్కువ చెబుతాడు నిజమే, ఇక్కడ మాత్రం ఆమెకి ‘వద్దు’ అనే హక్కు ఇచ్చాడు.

సోన్యాకి ఆ హక్కు దొరకలేదు. ఇంటి ఆకలి కోసం తను నలిగిపోతూ, పైగా ఒక హంతకుణ్ణి మోసుకుంటూ సైబీరియా దాకా వెళ్లాలి. ఆమె శ్రమ ఎవరి పాపానికి?

ఇంక లిజవేతా. చంపాలనుకున్నది వడ్డీ ముసలమ్మని. చెల్లెలు పొరపాటున లోపలికి వచ్చింది, ఆమెనీ నరికేశాడు. రస్కోల్నికోవ్ ముసలమ్మ గురించి పేజీలకి పేజీలు ఆలోచిస్తాడు, లిజవేతా అసలు గుర్తే రాదు. ఆ సంగతి తనే ఒకచోట గమనించి ఆశ్చర్యపోతాడు. పాఠకులు కూడా అంతే. ఈ దారంలో తొమ్మిదో పోస్టు దాకా ఆమె పేరు రాలేదు.

#10 కాగితంపడవ

జాజిమల్లి గారూ, లిజవేతా గురించి మీరన్నాక ఉపసంహారం మళ్లీ తిరగేశాను. ఖైదీగా అతని తలగడ కింద ఒక కొత్త నిబంధన ఉంటుంది. సోన్యా లాజరు కథ చదివి వినిపించింది ఆ పుస్తకంలోంచే. ఆ పుస్తకం సోన్యాకి ఇచ్చింది ఎవరు? లిజవేతా. నాలుగో భాగంలో సోన్యానే చెబుతుంది. అంటే హంతకుడి తలకింద ఉన్నది అతను చంపిన మనిషి పుస్తకం. ఇద్దరు ఆడవాళ్లూ శిలువలు కూడా మార్చుకున్నారు. లిజవేతా రాగి శిలువ సోన్యా తన మెడలో వేసుకుని, తన చెక్క శిలువ అతనికి వేస్తుంది.

నాలుగు రోజులు సమాధిలో ఉన్న లాజరు తనంతట తాను బయటికి రాలేదు, పిలిస్తే వచ్చాడు. రస్కోల్నికోవ్ కూడా నది ఒడ్డున ఆ ఉదయం ఎందుకు సోన్యా కాళ్ల మీద పడ్డాడో తనకే తెలియదని రాశాడు రచయిత. చాలామంది విమర్శకులకి ఆ చోటు అతికించినట్టు అనిపిస్తుంది. నాకు మాత్రం, కారణం చెప్పి ఉంటే అబద్ధంగా ఉండేది.

#11 నిర్వాహకుడు

రెండు పోస్టులు తీసేశాను. ఒకటి విశ్వాసులని వెక్కిరించింది, ఇంకోటి నాస్తికులకి నరకం ఖాయం చేసింది. పుస్తకాల మీద ఎంతైనా కొట్టుకోండి, మనుషుల మీద వద్దు.

#12 మార్తమ్మ

నాలుగోమలుపు గారి ప్రశ్న దగ్గరికి వస్తాను. శ్రమ ఎందుకుంది అన్నదానికి నా దగ్గర జవాబు లేదు, బైబిల్లో కూడా నేరుగా లేదు. యోబు గ్రంథం మొత్తం ఆ జవాబు చెప్పబోయినవాళ్ల కథ. ఎలీఫజు, బిల్దదు, జోఫరు ముగ్గురూ భక్తి గల మాటలే మాట్లాడతారు: నువ్వు ఏదో తప్పు చేసి ఉంటావు, ఒప్పుకో, దేవుడు న్యాయవంతుడు. చివరి అధ్యాయంలో దేవుడు ఎవరి మీద మండిపడతాడు? ఆ ముగ్గురి మీద. నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గూర్చి యుక్తంగా పలకలేదంటాడు. దేవుణ్ణి నిలదీసినవాడి మాట నిలిచింది, దేవుణ్ణి సమర్థించినవాళ్ల మాట పోయింది.

ఇది ఆదరణ చెప్పేవాళ్లకి పెద్ద హెచ్చరిక. ‘కరమజోవ్ సోదరులు’ రెండో పుస్తకంలో మఠంలోని పెద్దాయన జోసిమా దగ్గరికి ఒక రైతు స్త్రీ వస్తుంది. మూడేళ్లు నిండని కొడుకు పోయాడు. ఆయన మొదట అందరూ చెప్పేదే చెబుతాడు, బిడ్డ దేవదూతల్లో ఉన్నాడని. మా ఆయన కూడా ఇదే అంటాడు అంటుంది ఆమె. ఆ జవాబుతో ఆయన దారి మార్చుకుంటాడు. తన పిల్లల కోసం ఏడ్చి ఆదరణ పొందనొల్లని రాహేలు గుర్తుచేసి, నువ్వు ఊరడిల్లకు, అక్కర్లేదు, ఏడువు అంటాడు. ఆ దుఃఖం ఎప్పటికో నెమ్మదైన సంతోషంగా మారుతుందని కూడా అంటాడు, కానీ ముందు ఏడవనిస్తాడు. 1878లో దోస్తోయెవ్‌స్కీ సొంత కొడుకు అల్యోషా మూడేళ్లు నిండకుండానే మూర్ఛ వచ్చి పోయాడు. ఆ తర్వాత ఆయన ఆప్తినా మఠానికి వెళ్లి పెద్దాయన అంబ్రోజ్‌ని కలిశాడు. పోయిన బిడ్డ పేరే నవల్లో కథానాయకుడికి పెట్టాడు.

#13 నాలుగోమలుపు

ఆ రైతు స్త్రీ దగ్గర నాకూ గొంతు పట్టేస్తుంది. అయినా యోబు ముగింపు మింగుడుపడదు. పది మంది పిల్లలు చచ్చిపోతే, చివర మళ్లీ పది మంది పుట్టారు అంటే సరిపోయిందా? ఒంటెలు రెట్టింపు ఇస్తే సరే. పిల్లలు ఒంటెలు కారు.

మెచ్చుకోవాల్సింది ఏంటంటే జోసిమా కూడా ఇదే అడుగుతాడు: పాతవాళ్లు లేకుండా కొత్తవాళ్లని ఎలా ప్రేమించగలిగాడు? ప్రేమించగలిగాడు, అది జీవితంలోని మర్మం అని దాటేస్తాడు. నేను దాటలేను.

ఇంకోటి. ఇవాన్‌కి తమ్ముడు అల్యోషా ఇచ్చే జవాబు: అన్నిటికోసం అందరి తరఫునా క్షమించగలవాడు ఒకడున్నాడు, ఎందుకంటే ఆయన తన నిర్దోష రక్తం ఇచ్చాడు. ఆ తర్వాతే ఇవాన్ మహా విచారణాధికారి కథ చెబుతాడు. ఆ కథలో క్రీస్తు ఒక్క మాట మాట్లాడడు, తనని బంధించి నిలదీసిన ఆ ముసలి విచారణాధికారి పెదవుల మీద ముద్దు పెడతాడు. వాదనకి జవాబు ముద్దా? గెలిచింది ఎవరు అని నన్నడిగితే ఇవాన్ అంటాను. రాసినవాడు విశ్వాసి అయ్యుండి అవిశ్వాసికి ఇంత బలమైన మాటలు ఇచ్చాడు చూడండి, ఆ నిజాయితీకి దండం.

#14 చెదపురుగు

మధ్యలో ఒక చిన్న పక్కదారి. శ్రమ తనంతట తానే ఏమీ చెయ్యదనడానికి హాథోర్న్ ‘ద స్కార్లెట్ లెటర్’ (1850) కంటే పెద్ద సాక్ష్యం లేదు. పాస్టర్ డిమ్స్‌డేల్ రహస్యంగా కొరడాతో కొట్టుకుంటాడు, ఉపవాసాలు, జాగారాలు. ఏడేళ్ల తర్వాత అడవిలో తన రహస్య ప్రియురాలు హెస్టర్‌తో చెబుతాడు, చేసుకున్న శిక్షకి లోటు లేదు, పశ్చాత్తాపం మాత్రం రవ్వంత కూడా లేదని. ఎందుకు? నిజం దాచి ఉంచాడు గనక. వ్యభిచారానికి గుర్తుగా అందరి ముందూ ఎర్ర అక్షరం మోసిన హెస్టర్ అతనికంటే గట్టిగా నిలబడింది. కానీ ఆ అక్షరం తన పని చెయ్యలేదని హాథోర్న్ ఆమె గురించి కూడా అంటాడు. సంఘం వేసిన శిక్ష ఆమెని లొంగదీయలేదు, స్వతంత్రంగా ఆలోచించేలా చేసింది.

1517లో మతసంస్కర్త లూథర్ రాసిన 95 వాక్యాల్లో మొదటిది, విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపమే కావాలని. కొంత చెల్లించి కొంత మాఫీ చేయించుకునే వ్యవహారం కాదని చెప్పడానికే.

#15 ఉల్లికాడ

ఇవాన్ అన్న మీత్యా కరమజోవ్ గురించి ఎవరూ మాట్లాడలేదేం? చెయ్యని తండ్రి హత్యకి శిక్ష పడి, గనుల్లో ఇరవై ఏళ్లు. విచారణ రాత్రి ఆకలితో ఏడ్చే పసిబిడ్డ కల వచ్చి, అందరి కోసం శ్రమ మోస్తానంటాడు. మికోల్కా దారే అనుకుంటాం. కానీ చివర్లో, పారిపోవాలా అని అతను తేల్చుకోలేకపోతుంటే అల్యోషా ఏమంటాడు? నువ్వు సిద్ధంగా లేవు, అంత పెద్ద సిలువ నీది కాదు, పారిపోతే నేను తప్పుపట్టను అంటాడు. సన్యాసి కావాలనుకున్నవాడు అన్న మాట ఇది! శ్రమని పూజించే రచయిత ఈ మాట రాయడు.

నా పేరు ఎక్కడిదో కూడా చెప్పేస్తాను. మీత్యా ప్రేమించిన గ్రూషెంకా చెప్పే కథలో ఒక దుష్ట ముసలమ్మ జీవితంలో ఒకే ఒక ఉల్లిగడ్డ దానం చేస్తుంది. దేవదూత ఆ ఉల్లితోనే ఆమెని అగ్నిగుండంలోంచి లాగుతాడు. మిగతా పాపులు పట్టుకుని వేలాడితే, ‘ఉల్లి నాది, మీది కాదు’ అని తన్నుతుంది. ఉల్లి తెగిపోతుంది.

#16 జాజిమల్లి

అలాగైతే ఒకటి అడుగుతా. మీత్యా మీద పడ్డ ఆ హత్యని నిజంగా చేసిన స్మెర్ద్యాకోవ్ చేతికి ఉల్లి ఎవరు అందించారు?

#17 చెదపురుగు

ఎవరూ లేరు. పెంచిన గ్రిగోరీయే చిన్నప్పుడు, నువ్వు మనిషివా, స్నానాలగది చెమ్మలో పుట్టావు అన్నాడు. చనిపోయిన తండ్రి ఫ్యోదర్ కొడుకేనని ఊరంతా అనుకుంటుంది, ఇంట్లో వంటవాడు. మూడోసారి ఇవాన్ వచ్చినప్పుడు హత్య చేసి తెచ్చిన మూడువేల రూబుళ్లు బల్లమీద పెట్టి, పైన మూసింది ఏ పుస్తకంతో అనుకున్నారు? పాతకాలపు సన్యాసి సిరియా ఇసాకు బోధలతో. దేవుని దయ గురించి క్రైస్తవంలో అంత మెత్తగా రాసినవాళ్లు అరుదు.

అల్యోషా ఒకసారి అతన్ని ‘మీత్యా త్వరగా తిరిగొస్తాడా’ అని అడుగుతాడు. నేనేమన్నా ఆయనకి కావలివాణ్ణా అంటాడు స్మెర్ద్యాకోవ్. కాస్సేపటికి ఇవాన్ కూడా అదే అంటాడు, కయీను జవాబని తనే గుర్తుపట్టి మరీ. సోదరులు ముగ్గురనే నవల అంతా లెక్క పెడుతుంది.

#18 మార్తమ్మ

అందరి పక్షంగా అందరి ముందూ ప్రతి ఒక్కరం అపరాధులమే అని జోసిమా చెప్పింది స్మెర్ద్యాకోవ్ విషయంలో అల్యోషాకి గుర్తొచ్చే ఉంటుంది కదా. నాకు ఆ ఆశ ఉంది.

#19 జాజిమల్లి

మార్తమ్మ గారూ, పదకొండో పుస్తకం చివర చూడండి. స్మెర్ద్యాకోవ్ ఉరి వేసుకున్న కబురు ఇవాన్‌కి తెచ్చేది అల్యోషానే. ఆ రాత్రి అతని మనసులో మెదిలేది, స్మెర్ద్యాకోవ్ లేడు గనక ఇవాన్ సాక్ష్యాన్ని ఇక ఎవరూ నమ్మరని. నిద్రపోతూ ప్రార్థన చేస్తాడు. మీత్యా కోసం, ఇవాన్ కోసం.